స్కేట్‌బోర్డుకి ఏ ప్యాంటు ఆగుతుంది? గుడ్డ, కుట్టు, కొలతలు చెప్పండి

రాయగడ_రోలింగ్
బజార్లో దొరికే జీన్సు ఏదీ స్కేటింగుకి నిలవట్లేదు. ఓలీ (బోర్డుతో సహా పైకి ఎగరడం) కోసం మోకాళ్ళు మడిచి కిందికి దిగితే చాలు, తొడల మధ్య కుట్టు పిగిలిపోతోంది. కుట్టు ఆగితే దాని పక్కన గుడ్డ చిరుగుతోంది. సాగే రకం కొంటే కాలు హాయిగా లేస్తుంది గానీ మోకాలి దగ్గర తొందరగా పలచబడిపోతోంది. ట్రాక్ ప్యాంటు సంగతి చెప్పక్కర్లేదు, సిమెంటు మీద ఒక్క జారు జారితే దాని పని అయిపోయినట్టే. ఇక్కడ స్కేట్ షాపు లేదు. ఆన్‌లైన్లో సైజు చూసి తెప్పించుకోవడం చీకట్లో రాయి వేయడమే. ఏ గుడ్డ, ఏ కట్, ఎంత లూజు? కొలతలతో చెప్పండి. "లూజుగా ఉన్నది తీసుకో" అనకండి.

గుణుపురం_గిరి
లూజుగా ఉన్నది తీసుకో :)
సరే, అసలు జవాబు. డిక్కీస్ 874. 65 శాతం పాలిస్టర్, 35 శాతం కాటన్, చదరపు గజానికి 8.5 ఔన్సుల ట్విల్ (ఏటవాలు నేత గుడ్డ). 1967 నుంచి వస్తున్న పని ప్యాంటు అది, స్కేటర్ల కోసం పుట్టింది కాదు. అయినా స్కేటర్లు దాన్ని వదల్లేదంటే ఊరికే కాదు కదా. నడుము కొలత సరిగ్గా చూసుకుని ఒక సైజు పెద్దది పెట్టు, అయిపోయింది.

బరంపురం_బోర్డు
గుడ్డ విషయంలో గిరితో ఏకీభవిస్తాను. "ఒక సైజు పెద్దది" దగ్గరే తేడా. సైజు పెంచితే నడుము పెరుగుతుంది, పొడవు పెరుగుతుంది, తొడ దగ్గర మాత్రం అరంగుళమో ముప్పావో వస్తుంది. మనకి కావలసింది తొడ, సీటు. నడుము వదులైతే బెల్టు బిగించాలి, బెల్టు బకిలు పడినప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది.

ముందు ప్యాంటు ఎక్కడెక్కడ పోతుందో చూడు. అయిదు చోట్లు.
తొడల మధ్య నాలుగు కుట్లు కలిసే బిందువు. కిందికి కూర్చున్నప్పుడు లాగుడంతా అక్కడికే చేరుతుంది.
మోకాలు. పడినప్పుడు రాపిడి, మడిచినప్పుడు లాగుడు, రెండూ.
వెనక జేబు కింది అంచు. వెనక్కి పడి జారినప్పుడు ముందు నేలని తాకేది అదే. అందులో పర్సు ఉంటే పర్సు మూలే గుడ్డని లోపల్నించి కోస్తుంది.
మడమ దగ్గర అంచు. పొడవెక్కువైతే బూటు కిందికి వెళ్ళి నలిగిపోతుంది.
ఇక అయిదోది ఎవరూ పట్టించుకోరు. బోర్డు చంకలో పెట్టుకుని నడిచేటప్పుడు తొడ పక్కన గ్రిప్ టేపు రాసుకునే చోటు. గ్రిప్ టేపంటే సిలికాన్ కార్బైడ్ పొడి అంటించిన గరుకు కాయితం, సాధారణంగా 80 గ్రిట్. వడ్రంగి చెక్క అరగదీసే సరుకు. దాన్ని రోజూ ప్యాంటుకి రాస్తూ నడిస్తే ఏ గుడ్డ ఆగుతుంది? గ్రిప్ వైపు బయటికి పెట్టి, నున్నటి వైపు ఒంటికి ఆనించి పట్టుకో. పైసా ఖర్చు లేదు.

రాయగడ_రోలింగ్
అయిదోది నిజమే, కుడి తొడ పక్కన తెల్లగా అరిగిపోయి ఉంది. మరి మొదటిది? తొడల మధ్య ఏం చేయాలి?

దర్జీ_పర్లాకిమిడి
అది నా పని కాబట్టి నేను చెప్తానండి. మామూలు ప్యాంటులో ముందు కుట్టు, వెనక కుట్టు, రెండు కాళ్ళ లోపలి కుట్లు, నాలుగూ వచ్చి ఒక్క చుక్క దగ్గర కలుస్తాయి. నాలుగు పొరల గుడ్డ, దాని మీద ఓవర్‌లాక్, దాని మీద ఇంకో కుట్టు. సూది అన్నిసార్లు గుచ్చిన చోట గుడ్డే బలహీనపడుతుంది. లాగుడు కూడా అక్కడికే వస్తే చిరక్క ఏం చేస్తుంది?

దానికి మందు మియానీ. లాల్చీ పైజమాకి వేసే మియానీయే, ప్యాంటుకి కొంచెం చిన్నది. డైమండ్ ఆకారంలో ముక్క, కుట్టు మార్జిన్‌తో కలిపి 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు. పొడవు వైపు కొసలు రెండు కాళ్ళ లోపలి కుట్లలోకి దిగాలి, వెడల్పు వైపు కొసలు ముందూ వెనకా కుట్లలోకి పోవాలి. ముక్కని క్రాస్‌గా కత్తిరిస్తే గుడ్డ కాస్త సాగుతుంది కూడా. అప్పుడు ఆ నాలుగు కుట్లు ఒక్క చోట కలవవు, నాలుగు మూలలకి చెదిరిపోతాయి. మూలమూలకీ ఒక బార్‌ట్యాక్ (ఒకే చోట దట్టంగా వేసే చిన్న గట్టి కుట్టు) వేయించండి. ఆ మిషను లేకపోతే దగ్గరదగ్గరగా జిగ్‌జాగ్ అరంగుళం చాలు.

గుణుపురం_గిరి
అంత తంటా ఎందుకండీ. తొడల మధ్య రెండంగుళాలు కిందికి దించి కుట్టమంటే సరిపోదా? కిందికి వేలాడితే ఫ్రీగా ఉంటుంది.

దర్జీ_పర్లాకిమిడి
చూడ్డానికి అలాగే అనిపిస్తుంది గిరి గారూ, జరిగేది తిరగబడి జరుగుతుంది. ఆ చోటు కిందికి దించితే రెండు తొడల్నీ గుడ్డ అక్కడ కలిపి కట్టేసినట్టే. కాలు పక్కకి చాపినా, మోకాలు పైకి లేపినా మొత్తం ప్యాంటు పైకి లాగబడుతుంది. చొక్కా చంక ఎంత కిందికి దిగితే చెయ్యి అంత తక్కువ లేస్తుంది, ఇదీ అంతే. తొడల మధ్య భాగం ఒంటికి దగ్గరగా, ఒక అంగుళం వదులుతో ఉండాలి. సాగుడు మియానీ నుంచి రావాలి.

గుణుపురం_గిరి
తొడ చుట్టూ 30 అంగుళాలు పెట్టుకుంటే దించినా నడుస్తుంది. ఇప్పుడందరూ వేసేవి అవే.

బరంపురం_బోర్డు
30 పెడితే నడుస్తుంది, కాదనను. అప్పుడు గుడ్డ ఎక్కువ, బరువెక్కువ, చెమటెక్కువ. పైగా అంత లూజుకి బాటమ్ కూడా 22, 23 అంగుళాలు వస్తుంది. కాలి వేళ్ళు బోర్డు మీద ఎక్కడున్నాయో కొత్తవాళ్ళకి కనపడదు. కిక్‌ఫ్లిప్ (గాల్లో బోర్డుని కాలితో ఒక చుట్టు తిప్పడం) నేర్చుకునేటప్పుడు ముందు కాలు ఎక్కడ పెట్టామన్నదే మొత్తం ఆట. తిరిగిన బోర్డు కిందికి వచ్చేటప్పుడు ఆ వేలాడే గుడ్డ బూటుకీ గ్రిప్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. బాగా అలవాటైనవాళ్ళు వేసుకోవచ్చు. రాయగడ తమ్ముడికి ఇప్పుడే వద్దు.

చాందా_చక్రాలు
మీరంతా సముద్రం పక్కన, కొండల పక్కన ఉన్నరు. మా దిక్కు ఎండాకాలం 45 దాటుతది. 65 శాతం పాలిస్టర్ ప్యాంటు ఏసుకొని పొద్దున తొమ్మిదింటికి బోర్డు మీద నిలబడి చూడుండ్రి, తొడలు ఉడికిపోతయ్. మా బల్లార్షాలో కాయితం మిల్లు, చుట్టుపక్కల బొగ్గు గనులు. కార్మికుల యూనిఫారం అమ్మే దుకాణాలల్ల కాటన్ డ్రిల్ తాన్లు దొరుకుతయ్. నూటికి నూరు కాటన్, 240 నుంచి 280 జి.ఎస్.ఎమ్. (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో ఆ లెక్క). అది తీస్కొని కుట్టిస్తే మస్తుగుంటది. డెనిమ్ కన్న పల్చన, మామూలు ప్యాంటు గుడ్డ కన్న గట్టి. రాయగడల కూడ పేపర్ మిల్లు ఉంది గద, అక్కడ అడుగు.

రాయగడ_రోలింగ్
ఉంది, జేకేపూర్‌లో. ఆ దారిలో యూనిఫారం కొట్లున్నాయి, ఆ గుడ్డని ఎప్పుడూ ఈ కోణంలో చూడలేదు. కానీ కొట్లో జి.ఎస్.ఎమ్. అడిగితే చెప్తారా? "మంచి గుడ్డండీ, తీసుకెళ్ళండి" అంటారు.

దర్జీ_పర్లాకిమిడి
అడగక్కర్లేదు, తూకం వేసుకోవచ్చు. తాను అంచు నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్లు పొడవు, 10 సెంటీమీటర్లు వెడల్పు ముక్క కోయించుకుని బంగారం కొట్లో త్రాసు మీద పెట్టండి. వచ్చిన గ్రాముల్ని వందతో గుణిస్తే జి.ఎస్.ఎమ్. 2 గ్రాముల 800 మిల్లీలు తూగితే 280. డెనిమ్‌ని ఔన్సుల్లో చెప్తారు, ఒక ఔన్సు ఇంచుమించు 34 జి.ఎస్.ఎమ్. అంటే 10 ఔన్సులు 340, 12 ఔన్సులు 407.

కాటనో కాదో తెలియాలంటే పక్కన ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించండి. కాటన్ కాయితం కాలిన వాసనేసి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది. కలిపి నేసినదైతే కాలుతుంది, కొసన పూస కూడా మిగులుతుంది.

సునాబెడ_స్లైడ్
ఆ పూస సంగతి పడినప్పుడు కూడా గుర్తుండాలి. నైలాన్, పాలిస్టర్ ట్రాక్ ప్యాంటుతో గరుకు నేల మీద వేగంగా జారితే రాపిడి వేడికి గుడ్డ కరుగుతుంది, ఒరుసుకుపోయిన చర్మానికి అంటుకుంటుంది. దాన్ని కడిగి తీయడం నరకం. అందుకే రాయగడ మిత్రమా, ట్రాక్ ప్యాంటు ఎంత హాయిగా ఉన్నా పక్కన పెట్టేయ్. 65-35 ట్విల్‌లో కాటన్ ఉంది కాబట్టి అంత సులువుగా కరగదు.

మా కోరాపుట్ వైపు ఇంకో తంటా, వాన. 12 ఔన్సుల డెనిమ్ తడిస్తే శ్రావణంలో ఆరదు. లోపలి మడతల్లో బూజు పడుతుంది, బూజు పట్టిన కాటన్ లాగితే చిరిగిపోతుంది. వానాకాలానికి 65-35 ట్విల్లే మేలు. ఎండాకాలానికి చాందా అన్న చెప్పినట్టు డ్రిల్. రెండు గుడ్డలు, ఒకే కట్.

ధర్మాబాద్_డెక్
సాగే జీన్స్ గురించి ఎవ్వరూ చెప్పలే. ఎలాస్టేన్ (గుడ్డ సాగేటందుకు కలిపే పోగు) 1, 2 శాతం ఉంటే ఇబ్బంది లేదు. 3 దాటిందంటే సాధారణంగా గుడ్డ కూడ పల్చగ నేస్తరు, మోకాలి దగ్గర ఉబ్బి మళ్ల వెనక్కి రాదు. లోపలి లేబుల్ చూసి కొనుండ్రి. ఇంగ ఎలాస్టేన్‌కి వేడి పడదు. వేడినీళ్ళు, ఇస్త్రీపెట్టె, మిట్టమధ్యాహ్నం ఎండ, మూడూ దాని ప్రాణం తీస్తయ్.

జయపురం_జానకి
ఉతుకుడు బండని మర్చిపోయారు. మన ఇళ్ళల్లో ప్యాంటుని బండకేసి బాదుతారు. బాదితే డెనిమ్‌లో పోగులు మడత గీతల దగ్గరే విరుగుతాయి, ఎలాస్టేన్ తెగుతుంది, జిప్పు పళ్ళు వంగుతాయి. తిరగేసి, సబ్బు నీళ్ళలో అరగంట నానబెట్టి, చేత్తో పిసికి జాడించాలి. మట్టి ఎక్కువున్న మోకాలు, అంచుల దగ్గర మెత్తటి బ్రష్. బ్లీచింగు అసలొద్దు. నీడలో తిరగేసి ఆరేయాలి. ఇంట్లో ఎవరు ఉతికినా వాళ్ళకి ముందే చెప్పి పెట్టాలి, లేకపోతే పైన రాసిందంతా వృథా.

ఇంకొకటి, ఇక్కడ అందరూ అబ్బాయిల కొలతలే మాట్లాడుతున్నారు. ఆడపిల్లల జీన్స్‌లో ముందు జేబులు రెండేళ్ళు కూడా పట్టవు, సీటు బిగుతు, ఎలాస్టేన్ ఎక్కువ. మగవాళ్ళ ప్యాంటు తీసుకుంటే తొడలు సరిపోతాయి, నడుము వెనక గుంటలా లేస్తుంది. దానికి దర్జీ గారు ఏమంటారు?

దర్జీ_పర్లాకిమిడి
అమ్మా, నడుము పట్టీలో వెనక సగానికి మాత్రం ఎలాస్టిక్ పెట్టించండి. ముందు సగం సాదాగా, కాజా గుండీతో. ఒకటిన్నర అంగుళం వెడల్పు ఎలాస్టిక్, మధ్యలో రెండు వరుసలు కుట్టు, లేకపోతే లోపల మెలిపడిపోతుంది. కూర్చున్నప్పుడు వెనక నడుము దిగకుండా వెనక ఎత్తు మామూలు కంటే ఒక అంగుళం పెంచాలి. ఇది అబ్బాయిలకీ వర్తిస్తుంది. మామూలు ప్యాంటు నిలబడినవాడి కోసం కోస్తాం. స్కేటింగు చేసేవాడు సగం సేపు వంగి ఉంటాడు. కొలత తీసేటప్పుడు కస్టమర్ని గొంతుక్కూర్చోమనాలి. అప్పుడు సీటు చుట్టూ, తొడ చుట్టూ టేపు పెడితే అసలు కొలత వస్తుంది.

రాయగడ_రోలింగ్
అయితే 32 నడుముకి అంకెలు చెప్పండి, కాయితం మీద రాసి మా ఊరి దర్జీకి ఇస్తాను. గుడ్డ ఎంత కొనాలో కూడా.

దర్జీ_పర్లాకిమిడి
ఒంటి కొలతలు సీటు 37, తొడ 22 అనుకుని చెప్తున్నాను, మీ ఒళ్ళు చూసి సర్దుకోండి.
నడుము 32, వదులు ఒక అంగుళం.
సీటు 41 నుంచి 42.
తొడ 26.
మోకాలు 20.
బాటమ్ 17 నుంచి 18.
పొడవు స్కేట్ బూట్లు వేసుకునే కొలవాలి. ముందు బూటు నాలుక మీద ఆనాలి, వెనక నేలకి ముప్పావు అంగుళం పైన ఆగాలి.
58 అంగుళాల పన్నా గుడ్డ అయితే మీటరున్నర. 44 పన్నా అయితే రెండున్నర. కాటన్ అయితే కొన్న రోజే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు కోయమనండి. తడపని డ్రిల్ మొదటి ఉతుకులోనే అంగుళం పైగా పొట్టిబడిపోవచ్చు, అప్పుడు పొడవూ పోతుంది, తొడల మధ్య మళ్ళీ బిగుతూ వస్తుంది.

దారం గురించి గట్టిగా చెప్పాలి. చాలా కొట్లలో ఉండేది 40/2 పాలిస్టర్ దారం, చొక్కాలకి అది. లోపలి కుట్లకి 20/2 దారం వాడమనండి, దానికంటే బాగా లావు. సూది 16 చాలదు, 18 పెట్టాలి. పై టెన్షన్ కాస్త సడలించాలి. అంగుళానికి 8 కుట్లు, 9 లోపు. "గట్టిగా ఉండాలి" అని 14 కుట్లు వేస్తే గుడ్డకి వరసగా చిల్లులు పొడిచినట్టవుతుంది, ఆ గీత వెంటే చిరుగుతుంది. లోపలి కాలి కుట్టు, సీటు కుట్టు రెండూ మడత కుట్టు వేయించండి, జీన్సుకి పక్కన రెండు వరసలు కనిపిస్తాయే, అది. ఫీడాఫ్ మిషన్ (మడత కుట్టు వేసే మిషను) ఉన్న కొట్లో నిమిషాల పని. అది లేకపోతే చేత్తో మడిచి రెండుసార్లు కుట్టాలి, కాలికి మరో పావుగంట పడుతుంది. ఆ పావుగంటకి కూలి ఇవ్వడానికి బేరం ఆడకండి.

బరంపురం_బోర్డు
ఈ పోస్టు దాచుకోండి అందరూ. దర్జీ గారి అంకెలకి నేను చేర్చేవి జేబులు. లోపలి జేబు సంచికి పల్చటి పాలిస్టర్ లైనింగు వేస్తారు, ఫోను మూలకి రెండు నెలల్లో చిల్లు. అదే డ్రిల్ ముక్కతో సంచి కుట్టించు. వెనక జేబు కింది అంచు నేలకి తగిలే చోటు కంటే పైన ఉండేలా ఒక అంగుళం పైకి పెట్టించు. రివెట్లు వద్దు. 1873లో లీవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ అనే దర్జీ కలిసి పేటెంటు తీసుకున్న రివెట్లు గని కూలీల జేబులు చిరక్కుండా పెట్టినవి. వెనక జేబు రివెట్లు కుర్చీల్ని, గుర్రపు జీనుల్ని గీరుతున్నాయని ఆ కంపెనీయే 1937లో గుడ్డ కింద దాచింది, తర్వాత తీసేసింది. వెనక్కి పడేవాడికి తుంటి మీద రాగి బొడిపె ఎందుకు? బార్‌ట్యాక్ చాలు.

బెల్టు బదులు పాత బూటు లేసు నాలుగైదు లూపుల్లోంచి తీసి ముందు ముడి వేసుకో. బకిలు ఉండదు.

గుణుపురం_గిరి
మోకాళ్ళకి డబుల్ పొర వేయిస్తే? కార్పెంటర్ ప్యాంట్లకి ఉంటుంది కదా.

బరంపురం_బోర్డు
వేయించొచ్చు, బాగుంటుంది. తొడ సగం నుంచి మోకాలి కింద 4 అంగుళాల వరకు. కానీ రెండు షరతులు. కింది అంచు కుట్టెయ్యకుండా వదలాలి, ఇసక, మట్టి కిందికి రాలిపోతుంది, కావాలంటే పల్చటి ప్యాడు కూడా అందులోంచి దూర్చొచ్చు. రెండోది, పైపొర పక్క కుట్లలోకి కలిపి కుట్టాలి. మధ్యలో విడిగా అతికిస్తే ఆ అతుకు అంచు దగ్గరే కొత్తగా చిరుగుతుంది. 280 డ్రిల్ రెండు పొరలైతే చాందాలో కష్టం, సునాబెడలో హాయి.

చాందా_చక్రాలు
మాకు ఒక్క పొర చాలు. చిరిగినంక చూస్తం.

దర్జీ_పర్లాకిమిడి
చిరిగాక కాదండీ, పలచబడ్డప్పుడే తీసుకురండి. గుడ్డని వెలుగుకి పట్టి చూడండి, దీపం అవతల కనిపిస్తోందంటే అతుకు వేసే రోజు వచ్చినట్టే. లోపలి వైపు నుంచి, అరిగిన చోటుకి చుట్టూ అంగుళం ఎక్కువ ఉండే ముక్క, మూలలు గుండ్రంగా కోసి, జిగ్‌జాగ్‌తో ముందుకీ వెనక్కీ నడిపించాలి. మూల కోణంగా ఉంటే అక్కడే లేస్తుంది. చిల్లు పడ్డాక అయితే పోగులు కూర్చి రఫూ చేయాలి, పని రెట్టింపు.

జయపురం_జానకి
మా కోటపాడు చేనేత గుడ్డ ముతకగానే ఉంటుంది కదా, దాంతో కుట్టిస్తే?

దర్జీ_పర్లాకిమిడి
వద్దమ్మా. అది సాదా నేత, మందంగా ఉన్నా పోగు మీద పోగు జరుగుతుంది. డ్రిల్, ట్విల్, డెనిమ్ మూడింట్లోనూ పోగులు ఏటవాలుగా ఎక్కుతాయి, దగ్గరగా బిగిసి ఉంటాయి, రాపిడి తట్టుకునేది అందుకే. ఆ రంగు, ఆ పనితనం ఉన్న గుడ్డని సిమెంటుకి అప్పగించొద్దు. నడుము పట్టీ లోపలి వైపు వేయించుకోండి, మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది.

సునాబెడ_స్లైడ్
ఒక్క హెచ్చరిక. ఈ చర్చంతా పార్కులో, రింకులో, చదును సిమెంటు మీద ఆడేవాళ్ళకి. ఘాట్ రోడ్డు మీద లాంగ్‌బోర్డుతో దిగాలనుకునేవాళ్ళు డ్రిల్, డెనిమ్ నమ్ముకోకండి. ఆ వేగంలో తారు మీద పడితే డెనిమ్ క్షణాల్లో పోతుంది. దానికి తోలు సూటు, ఫుల్ ఫేస్ హెల్మెట్, బండ్లు రాని రోడ్డు కావాలి. ఆ మూడూ లేకపోతే దిగొద్దు.

రాయగడ_రోలింగ్
డ్రిల్ చూసొచ్చాను. ఖాకీ, నేవీ బ్లూ ఉన్నాయి. ముక్క తూకం వేస్తే 2 గ్రాముల 600 మిల్లీలు వచ్చింది, పోగు కాలిస్తే బూడిదైంది. మీటరున్నర తీసుకుని నానబెట్టాను. ఇంకో ప్రశ్న, మా తమ్ముడికి పన్నెండేళ్ళు, వాడికీ ఒకటి కుట్టించాలి. ఎదిగే వయసు, ఆరు నెలలకే పొట్టిబడిపోతుంది. ఏం చేయాలి?

దర్జీ_పర్లాకిమిడి
260 బాగుంది, కుట్టించండి. చిన్నబ్బాయికి అంచు లోపల మూడంగుళాల మడత వదలమనండి. ఆ మడతని 40/2 దారంతో, అంగుళానికి 5 కుట్లు వేసి పైపైన కుట్టాలి, విప్పడం సులువు. విప్పాక పాత మడత గీత తెల్లగా కనిపిస్తుంది. దాని మీద ఒక వరస కుట్టు వేసేస్తే గీత కప్పబడుతుంది, అంచుకి బలం కూడా. సీటు కుట్టులో వెనక ఒక అంగుళం మార్జిన్ ఉంచండి, ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు. మోకాలు మాత్రం 20 కంటే తగ్గనివ్వకండి, వాడు లోపల ప్యాడ్లు వేసుకోవాలి.

బరంపురం_బోర్డు
ప్యాడ్లు వేసుకునే కొలత ఇవ్వమను. ప్యాడ్లు లేకుండా కొలిచి కుట్టించారంటే వాడు ప్యాంటు వేసుకుంటాడు, ప్యాడ్లు వదిలేస్తాడు.